మంచు ఉండలాటలో సిరి ప్రాణం

నమస్తే అండీ. ఈ రోజు ది విచర్ 3 అనే వీడియో గేమ్ గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నాను, కథ చివరిదాకా చెప్పేస్తాను. ఇంకా ఆడనివాళ్లు, ఆడాలనుకునేవాళ్లు వీడియో ఇక్కడే ఆపేసి, ఆట పూర్తయ్యాక రండి. గేమ్ 2015 మే నెలలో వచ్చింది, చాలా పాతదే. కానీ నేను చెప్పబోయే విషయం తెలియకుండా ఆడితే వచ్చే అనుభవం వేరు. దాన్ని మీ నుంచి లాక్కోవడం నాకు ఇష్టం లేదు.

నేను మొదటిసారి ఈ గేమ్ పూర్తి చేసినప్పుడు సిరి తిరిగి రాలేదు.

పేరు వింటే మనింటి అమ్మాయిలా ఉంటుంది కదా, సిరి. గేమ్‌లో మనం ఆడే పాత్ర గెరాల్ట్. సిరి అతను కన్న కూతురు కాదు, పెంచిన కూతురు. ఆ పిల్ల కోసం వెలెన్ బురదలో తిరిగాను, నోవిగ్రాడ్ సందులన్నీ వెతికాను, స్కెలిగే దీవుల మధ్య పడవేసుకుని తిరిగాను. చివరికి దొరికింది. దొరికిన పిల్ల, లోకాలనే గడ్డకట్టించే వైట్ ఫ్రాస్ట్‌ను ఆపడానికి ఒక గోపురంలోకి ఒంటరిగా వెళ్లిపోయింది. తర్వాతి సీన్‌లో గెరాల్ట్ మళ్లీ అదే చిత్తడి నేలకి వెళ్తాడు. అక్కడ బతికి మిగిలిన ఒకే ఒక్క మంత్రగత్తెను చంపి, ఆమె దగ్గరున్న మెడాలియన్ అనే పతకం తీసుకుని, ఆ గుడిసెలోనే కూలబడిపోతాడు. బయట రాక్షసులు చుట్టుముడుతుంటాయి. అతనికి పట్టదు.

నేను ఎక్కడ తప్పు చేశానో నాకు అర్థం కాలేదు. ఏ యుద్ధమూ ఓడిపోలేదు. ముఖ్యమైన క్వెస్ట్, అంటే గేమ్ అప్పగించే పని, ఏదీ వదల్లేదు. కత్తి, కవచం అన్నీ మంచివే. తర్వాత వెతికితే తెలిసింది. సిరి బతకడం నా కత్తి మీద ఆధారపడలేదు. ఆమెతో నేను మాట్లాడిన ఐదు మామూలు మాటల మీద ఆధారపడింది.

మనం ఆడే పాత్ర చుట్టూ ఉన్నవాళ్లను నిజంగా మారుస్తుందా, లేక మార్చామని మనకి అనిపించేలా గేమ్ చేస్తుందా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆ ఐదు మాటలే గుర్తొస్తాయి.

మామూలుగా గేమ్‌లు దీన్ని ఎలా చేస్తాయో మీకు తెలుసు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో మీరు ఏదైనా అనగానే స్క్రీన్ మీద చిన్న అక్షరాలు వస్తాయి, ఫలానా వాళ్లకి ఇది నచ్చింది, ఫలానా వాళ్లకి నచ్చలేదు అని. ఆ గేమ్ నాకు చాలా ఇష్టం, అందులో మనుషులు నిజంగానే మారతారు. కానీ ఆ అక్షరాలు చూస్తూ చూస్తూ నేను ఎదుటివాళ్ల కోసం మాట్లాడటం మానేసి, మార్కుల కోసం మాట్లాడటం మొదలుపెట్టాను. ఇక మాస్ ఎఫెక్ట్ అనే గేమ్ మొదటి భాగంలో మన జట్టులో ఉండే గారస్‌తో గంటలు గంటలు మాట్లాడి, రూల్స్ ప్రకారం నడుచుకోమని నచ్చజెప్పాను. తీరా రెండో భాగంలో చూస్తే, మీరు ఏం చెప్పినా ఒకటే, అతను ఒమెగా అనే చోట ముఖం దాచుకుని, చట్టాన్ని తన చేతుల్లోకి తీసుకుని తిరుగుతూనే దొరుకుతాడు. గారస్ అంటే నాకు ప్రాణం. అయినా ఆ రోజు మనసు చివుక్కుమంది.

విచర్ 3 దగ్గరికి వద్దాం. కేర్ మోర్హెన్ కోట మీద దాడి జరుగుతుంది. గెరాల్ట్‌ని, సిరిని ఇద్దరినీ తీర్చిదిద్దిన ముసలి గురువు వెసెమిర్ సిరి కళ్ల ముందే చనిపోతాడు. తన వల్లే పోయాడని సిరి అనుకుంటుంది. ఆ తర్వాత ఒక ఉదయం ఆమె దిగాలుగా కూర్చుని ఉంటుంది. తనలోని మంత్రశక్తిని అదుపులో పెట్టుకునే సాధన సరిగ్గా రావడం లేదు. గెరాల్ట్ దగ్గర రెండు మాటలుంటాయి. ఒకటి, అన్నీ నీకే రావాలని లేదు, కాస్త తేలిగ్గా తీసుకో. రెండోది, నీ మనసు తేలికపడే ఉపాయం ఒకటి నా దగ్గర ఉంది.

మొదటిది ఎంచుకుంటే ఇద్దరూ కూర్చుని మందు తాగుతారు. రెండోది ఎంచుకుంటే బయటికి వెళ్లి మంచు ఉండలతో కొట్టుకుంటారు. నిజంగా కొట్టుకుంటారు, మీ చేతిలో కంట్రోలర్ ఉంటుంది, గురి చూసి విసరాలి, సిరి చటుక్కున మాయమై వెనక నుంచి కొడుతుంది. చెట్టంత మనిషి, జుట్టు తెల్లబడిన మనిషి, చనిపోయిన గురువు చితి ఆరీ ఆరకముందే పిల్లతో పిల్లాడైపోతాడు. శోకం పోదు. కానీ కాసేపు ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది.

నేను మొదటిసారి మందు ఎంచుకున్నాను. అందులో తప్పేం ఉంది, ఓదార్పే కదా అనుకున్నాను. తప్పు కాదు నిజంగా. కానీ మాట మళ్లీ వినండి. అన్నీ నీకే రావాలని లేదు. నీ వల్ల కాదులే, వదిలెయ్ అన్నట్టే ఉంటుంది అది వినేవాళ్లకి.

తర్వాత మాంత్రికురాళ్ల మండలి సిరిని పిలుస్తుంది. ఫిలిప్పా ఐల్‌హార్ట్ లాంటి ఉద్దండులు కూర్చుని ఉంటారు. సిరి గుమ్మం దగ్గర గెరాల్ట్ వైపు చూస్తుంది. నేనూ వస్తాను అనొచ్చు, నువ్వే వెళ్లు అనొచ్చు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నేనూ వస్తాను అన్నాను. ఆ మాంత్రికురాళ్లని నేనెలా నమ్ముతాను?

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి మా నాన్న ఊరి నుంచి నాతో హైదరాబాద్ వచ్చారు. రాత్రంతా బస్సులో నిద్ర లేదు ఆయనకి. రిసెప్షన్ దాకా వచ్చి, సర్టిఫికెట్ల ఫైల్ తనే పట్టుకుని, లోపలికి కూడా వచ్చి మాట్లాడతానన్నారు. ఆయన ప్రేమలో నాకు ఎప్పుడూ అనుమానం లేదు. కానీ ఆ ఫైల్ ఆయన చేతిలోంచి తీసుకుని లోపలికి నడిచేటప్పుడు నా కాళ్లు వణికాయి. నేను ఒక్కణ్నే ఇది చేయగలనని ఆయన అనుకోవట్లేదా అనే ఒక్క ఆలోచనే లోపల తిరిగింది. ఏళ్ల తర్వాత గేమ్‌లో ఆ గుమ్మం దగ్గర నిలబడినప్పుడు నేను అచ్చంగా మా నాన్న చేసిందే చేశాను. చేశానని కూడా అప్పుడు తెలియలేదు.

మూడోది అవలాక్ ప్రయోగశాల. సిరికి గురువుగా ఉన్న అవలాక్ ఒక ఎల్ఫ్, అంటే మనుషులు కాని వేరే జాతివాడు. అతను ఆమె వంశవృక్షాన్ని తరతరాల నుంచి గీసి పెట్టుకున్నాడు. తనని మనిషిగా కాకుండా ఒక రక్తంగా చూశాడని సిరికి తెలుస్తుంది. కోపంతో ఊగిపోతుంది. శాంతించు అని మీరు చెప్పొచ్చు. లేకపోతే కానీయ్ అనొచ్చు. కానీయ్ అంటే ఇద్దరూ కలిసి ఆ గదిలో ఉన్నవన్నీ పగలగొడతారు. గాజు పాత్రలు, అరలు, అన్నీ. నేను మొదటిసారి శాంతించు అన్నాను. పెద్దరికం కదా.

నాలుగోది స్క్యాల్ సమాధి. సిరికి సాయం చేసి, ఆ కారణంగానే సొంత ఊరివాళ్ల చేత పిరికివాడు అనిపించుకుని చనిపోయిన కుర్రాడు. ఆ శవాన్ని యెన్నెఫర్ అనే మాంత్రికురాలు మంత్రంతో మాట్లాడించింది కూడా. ఆ కుర్రాడికి వీడ్కోలు చెప్పి వస్తానంటుంది సిరి. టైమ్ లేదు అనొచ్చు, తోడు వెళ్లొచ్చు. ఐదోది, కన్నతండ్రి అయిన చక్రవర్తి ఎమ్హిర్ దగ్గరికి ఆమెను తీసుకెళ్లినప్పుడు ఆయన ఇచ్చే బహుమానం డబ్బు తీసుకోవడమా, వద్దనడమా. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కూతుర్ని అప్పగించి డబ్బు తీసుకుంటే ఆ పిల్లకి ఏమనిపిస్తుందో ఎవరికైనా తెలుసు.

వీటిలో ఎక్కువ భాగం సిరికి బలమిచ్చేవి అయితే ఆమె తిరిగొస్తుంది. లేకపోతే రాదు. ఇవి పరీక్షలని గేమ్ మీకు ఎక్కడా చెప్పదు. మార్కులు లేవు, మూలన అక్షరాలు లేవు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇంత శక్తి ఉన్న అమ్మాయి చావు బతుకులు ఒక మంచు ఉండలాట మీద ఉండటం అన్యాయం కదా? ఆమె సొంత బలానికి విలువ లేదా, నాన్న మెచ్చుకుంటేనే బతుకుతుందా?

జవాబు ఆ చివరి సీన్‌లోనే ఉందని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆన్‌ద్విక్ దీవిలో ఆ గోపురం దగ్గర గెరాల్ట్ ఆమెను ఆపాలని చూస్తాడు. సిరి ఆగదు. ఇది నా కథ, దీన్ని నన్నే ముగించనివ్వు అన్న అర్థంలో చెప్పి లోపలికి వెళ్లిపోతుంది. మీరు ఏ ఐదు మాటలు ఎంచుకున్నా ఆమె వెళ్తుంది. ఆ నిర్ణయం ఎప్పుడూ సిరిదే, దాని మీద మీకు ఏ బటనూ లేదు. ఆ తుపానులో నడుస్తున్నప్పుడు ఆమెకి మీరు గుర్తొస్తారు. మంచులో నవ్విన ఉదయం గుర్తొస్తుందా, పక్కకి నెట్టేసిన క్షణాలు గుర్తొస్తాయా అన్నది మాత్రం మీ చేతిలో ఉండింది, అదీ ఎప్పుడో గడిచిపోయిన రోజుల్లో. ఒక మనిషి మీద ఇంకో మనిషికి ఉండే ప్రభావం అంతకంటే ఎక్కువ ఎక్కడుంటుంది చెప్పండి?

ఇదే గేమ్‌లో దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ బ్లడీ బ్యారన్ అనే పాత్ర కథ. అందరూ పొగిడే క్వెస్ట్ అది. తాగి భార్యని కొట్టినవాడు, ఆమెకి గర్భం పోయింది, ఇల్లు విడిచి పారిపోయింది. అతని చివరి గతి దేని మీద ఆధారపడుతుంది? ఒక గుట్ట కింద చెట్టులో బందీగా ఉన్న ఆత్మని మీరు వదిలారా, చంపారా అన్నదాని మీద. వదిలితే చిత్తడి నేలలోని అనాథ పిల్లలు బతుకుతారు, భార్య ఆనా చనిపోతుంది, బ్యారన్ ఉరి వేసుకుంటాడు. చంపితే పిల్లలు పోతారు, ఆనా మతి చలించి బతుకుతుంది, బ్యారన్ ఆమెను వైద్యం కోసం బ్లూ మౌంటెన్స్ వైపు తీసుకెళ్తాడు. గుండె బరువెక్కే కథే. కానీ చెట్టు దగ్గర నిలబడ్డప్పుడు మీరు బ్యారన్‌తో ఏమీ మాట్లాడట్లేదు. అతని గురించి ఆలోచించట్లేదు కూడా. మీ పని ఫలితం అతని మీద పడింది, అంతే.

ఆ క్వెస్ట్‌లో అతన్ని నిజంగా కదిలించే ఘట్టం దానికి ముందే ఉంది. పేరు పెట్టకుండా పాతిపెట్టిన ఆ శిశువు పిశాచంగా లేస్తుంది. కత్తితో చంపేయొచ్చు. అలా కాకుండా, దాన్ని చేతుల్లోకి ఎత్తుకో అని గెరాల్ట్ బ్యారన్‌కి చెప్పొచ్చు. చీకట్లో, ఆ వికారమైన బిడ్డని గుండెకి హత్తుకుని ఆ లావుపాటి మనిషి వణుకుతూ నడుస్తాడు. అది పెనుగులాడినప్పుడల్లా గెరాల్ట్ మంత్రంతో శాంతపరుస్తుంటాడు. గడప దగ్గర పాతిపెడుతూ దానికి దెయా అని పేరు పెట్టి, కూతురిగా ఒప్పుకుంటాడు బ్యారన్. అతను చేసిన పాపం దాంతో పోదు, పోకూడదు. కానీ ఆ రాత్రి అతను చేసింది అతనే చేశాడు, పక్కన గెరాల్ట్ ఉన్నాడు కాబట్టి చేయగలిగాడు. సిరి విషయంలో జరిగిందీ ఇదే.

రెండోసారి ఆడినప్పుడు నేను మంచు ఉండలు ఎంచుకున్నాను. గుమ్మం దగ్గర నువ్వే వెళ్లు అన్నాను, చెప్పడానికి కొంచెం కష్టంగానే అనిపించింది. సిరి తిరిగొచ్చింది. వైట్ ఆర్చర్డ్ సత్రంలో గెరాల్ట్ ఆమె చేతిలో కొత్త వెండి కత్తి పెట్టినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

2024 డిసెంబర్‌లో విచర్ 4 తొలి ట్రైలర్ వచ్చింది. అందులో ప్రధాన పాత్ర సిరి. ఒక రాక్షసుడికి బలి ఇవ్వబోతున్న అమ్మాయిని కాపాడటానికి వెళ్తుంది. రాక్షసుణ్ని చంపి తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి సొంత ఊరివాళ్ల చేతిలోనే చనిపోయి ఉంటుంది. ఆ శవం ముందు నిలబడ్డ సిరిని చూస్తుంటే నాకు బురద నేలలో కూలబడ్డ గెరాల్ట్ గుర్తొచ్చాడు. ఆ గేమ్‌లో సిరి పక్కన చిన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లతో ఆమె ఎలా మాట్లాడుతుందో చూడాలని నాకు చాలా ఉంది. దారిలో ఎక్కడైనా మంచు కనిపిస్తే మాత్రం నేను తప్పకుండా ఆగుతాను.