డాక్టరమ్మతో మాట్లాడండి: ఆడవాళ్లు, టీబీ, ఇంట్లో చెప్పుకోలేని మాటలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు టీబీ గురించి, ముఖ్యంగా ఆడవాళ్లకు వస్తే ఎదురయ్యే ఇబ్బందుల గురించి మాట్లాడుకుందాం. స్టూడియోలో ఛాతీ వైద్య నిపుణురాలు ఉన్నారు. పేరు చెప్పనక్కర్లేదు, జిల్లా చెబితే చాలు. మొదటి కాల్ కామారెడ్డి జిల్లా నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. నేను బీడీలు చేస్తా. నెల నుంచి దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది. మా దగ్గర అందరికీ తంబాకు దగ్గు ఉండేదే కదా అని ఊరుకున్నా. మొన్న ఆశమ్మ తెమడ పరీక్షకు డబ్బా ఇచ్చింది. ఏమీ లేదన్నారు. దగ్గు మాత్రం పోలేదు.

డాక్టర్: డబ్బాలో ఏం పడిందమ్మా? చిక్కటి తెమడా, ఉమ్మా?

కాలర్: (నవ్వు) ఉమ్మే మేడమ్. అక్కడ మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు కాండ్రించాలంటే సిగ్గయింది.

డాక్టర్: నేనూ అదే అనుకున్నా. ఉమ్ములో క్రిములు దొరకవు, కాగితం మీద ఏమీ లేదని వస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. పాకిస్థాన్‌లోని రావల్పిండిలో దీని మీద ఒక అధ్యయనం చేశారు, 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తెమడ ఎలా తీయాలో విడమరిచి చెబితే చాలు, ఆడవాళ్లలో ఎక్కువ మందికి జబ్బు బయటపడింది. మీరు పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, ఇంటి వెనకాల ఎవరూ లేని చోటికి వెళ్లండి. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపల్నుంచి దగ్గి తీయండి. ట్రూనాట్ గానీ సీబీనాట్ గానీ చేయమని అడగండి, అవి తెమడలో టీబీ క్రిమిని మెషీన్ మీద పట్టే పరీక్షలు. ఎక్స్‌రే కూడా తీయించుకోండి.

కాలర్: ఎక్స్‌రేకి టౌనుకు పోవాలి. ఒక రోజు కూలీ పోతుంది. మా ఆయన ఎందుకని అడుగుతాడు.

డాక్టర్: దగ్గు తగ్గట్లేదు, ఫొటో తీయమన్నారని చెప్పండి. అది నిజమే కదా. టీబీ అన్న మాట పరీక్ష రాకముందే ఇంట్లో ఎందుకు తేవడం? ఆశమ్మను తోడు తీసుకెళ్లండి.

వ్యాఖ్యాత: తర్వాత ప్రకాశం జిల్లా నుంచి ఒక అమ్మగారు.

కాలర్: మా పెద్దమ్మాయికి మెడ దగ్గర గడ్డ వచ్చింది మేడమ్. పరీక్ష చేసి టీబీ అన్నారు. మాత్రలు మొదలెట్టి మూడు నెలలైంది. మాఘమాసంలో పెళ్లి. ముహూర్తం పెట్టేశాం. మాత్రలు ఆపి, పెళ్లయ్యి కుదురుకున్నాక మళ్లీ మొదలు పెడదామా అని...

డాక్టర్: వద్దమ్మా. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారవుతాయి. అప్పుడు వేరే మందులు, వేరే కోర్సు. ఈ ఆరు నెలల కోర్సులో సగం అయిపోయింది, ఇప్పుడు వదలడం ఎందుకు?

కాలర్: అత్తారింట్లో ఎలా మింగుతుంది మేడమ్? మూత్రం కూడా ఎర్రగా వస్తోంది. వాళ్ల కంట పడితే? ఈ సంబంధం తప్పిందంటే రెండోదానికీ పెళ్లి కాదు.

డాక్టర్: ఆ రంగు రిఫాంపిసిన్ మాత్రది, భయం లేదు. ఇంకో మాట. ఊపిరితిత్తుల్లో ఏమీ లేకుండా మెడ గడ్డ ఒక్కటే అయితే అది ఇంకొకరికి అంటదు. పెళ్లికొడుక్కీ రాదు, వంట చేసి పెడితే ఎవరికీ రాదు. మందు వాడుతుండగా గడ్డ కొంచెం పెరిగినట్టు కనిపించొచ్చు కూడా, కంగారు పడి ఆపకండి, డాక్టరుకు చూపించండి.

కాలర్: పిల్లలు పుట్టరంటారు కదా?

డాక్టర్: గర్భసంచికో గొట్టాలకో టీబీ వచ్చి వైద్యం చేయించకపోతే ఆ ఇబ్బంది ఉంటుంది. మెడ గడ్డకీ దానికీ సంబంధం లేదు. కోర్సు అయ్యేదాకా గర్భం రాకుండా చూసుకుంటే మంచిది. కానీ ఈ మాత్రలతో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు, కండోమ్ వాడాలి. ఇది అబ్బాయికి తెలియకుండా ఎలా కుదురుతుంది చెప్పండి?

కాలర్: (మౌనం) పెద్దవాళ్లతో చెప్పించమంటారా?

డాక్టర్: పెద్దమనుషులు కూర్చుంటే పంచాయితీ అవుతుంది. ముందు మీ అమ్మాయి ఏమంటోందో అడిగారా? అడగలేదు కదా. తనకు ఇష్టమైతే తనే అతనితో చెప్పాలి. కావాలంటే ఇద్దర్నీ వైద్యం చేస్తున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆయన వివరిస్తారు. మగపిల్లాడికి ఇదే జబ్బు వస్తే ముహూర్తం వెనక్కి జరిపి ఊరుకుంటారు, మీరూ చూసే ఉంటారు. పెళ్లి అయితే మందులు అత్తగారి ఊరి కేంద్రానికి మార్పించుకోవచ్చు, టీబీ రోగుల వివరాలు ఉంచే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు నిక్షయ్‌లో నమోదై ఉంటుంది. ఇంటికి ఆశమ్మ రావడం ఇష్టం లేకపోతే, మందులు తానే కేంద్రానికి వెళ్లి తెచ్చుకుంటానని అడగొచ్చు.

వ్యాఖ్యాత: నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666, ఉచితం. చివరి కాల్ శ్రీకాకుళం నుంచి.

కాలర్: మా కోడలికి టీబీ అన్నారండి. మందులు మొదలెట్టి నెల దాటింది. ఐదు నెలల చంటిపిల్ల ఉంది. పిల్లకి అంటుతుందని కోడల్ని పుట్టింటికి పంపించేశాం. పిల్ల మా దగ్గరే. పాలడబ్బా పడుతున్నాం.

డాక్టర్: అమ్మా, తల్లి పాలు మానిపించాల్సిన పనిలేదు. మందు సరిగ్గా పనిచేస్తుంటే రెండు వారాలకే అంటించే గుణం చాలావరకు పోతుంది. మూతికి మాస్కు కట్టుకుని పాలివ్వొచ్చు. పిల్లను ముందు డాక్టరుకు చూపించండి, జబ్బు లేదంటే రాకుండా ఉండే మందు ఇస్తారు. కోడల్ని తీసుకొచ్చేయండి. తిండి సరిగ్గా తింటోందా? టీబీ మందులు వాడేవాళ్లకు తిండి కోసం ప్రభుత్వం నెలకి వెయ్యి రూపాయలు ఇస్తుంది, 2024 నవంబరు ముందు అయిదొందలే. అది ఎవరి ఖాతాలో పడుతోంది?

కాలర్: మా అబ్బాయి ఖాతాలోనండి.

డాక్టర్: ఆమె పేరున ఖాతా తెరిపించి మార్పించండి. గుడ్లు, పప్పు ఆమె తినాలి, అందరూ తిన్నాక మిగిలింది కాదు. ఇంతకీ మీ ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?

కాలర్: మా ఆయనకి ఉందండి, ఎప్పట్నుంచో. చుట్ట తాగుతారు కదా, చుట్ట దగ్గు.

డాక్టర్: ఆయన్ని పరీక్ష చేయించారా?

కాలర్: లేదండి. ఆయనకెందుకు?

డాక్టర్: కోడలికి ఆయన నుంచే వచ్చిందేమో మనకు తెలియదు కదా. రేపు పొద్దున ఆయన తెమడ తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. మీరూ చూపించుకోండి.

కాలర్: ఆయన ఒప్పుకోరండి.

డాక్టర్: ఫోన్ ఆయనకివ్వండి.