ఫీజు లేని ఫీ గారి బడి

నమస్కారమండీ. ఇవాళ నేను చెప్పబోయే ఆయన ఇంటిపేరు ఫీ, ఆయన మొదలెట్టిన కాలేజీలోనేమో 1892 నుంచి ట్యూషన్ ఫీజే లేదు, భలే కుదిరింది కదా. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, జాన్ ఫీ, పుట్టింది 1816లో. తండ్రికి బానిసలుండేవాళ్ళు, కొడుకేమో పాస్టర్ చదువుకెళ్ళి ఇది పాపం నాన్నా అంటూ తిరిగొచ్చాడు, ఇక ఆ ఇంట్లో గొడవ ఎలా ఉండుంటుందో మీరే ఊహించుకోండి.

ఆ ఇంట్లోనే జూలియెట్ మైల్స్ అని ఒకావిడ బానిసగా ఉండేది. ఫీ సొంత డబ్బు పెట్టి ఆవిణ్ణి తండ్రి దగ్గరే కొని విడిపించాడు. కానీ ఆవిడ పిల్లలు బానిసలుగానే ఉండిపోయారు. 1858లో వాళ్ళని ఒహాయో నది దాటించి బానిసత్వం లేని అవతలి ఒడ్డుకి చేర్చేద్దామని వెళ్ళి పట్టుబడింది, పాపం జైల్లోనే పోయింది. కన్నపిల్లల్ని తెచ్చుకోవడం ఆ రోజుల్లో నేరం అండీ!

1855లో ఫీ వాళ్ళు ఒక్క గది బడి కట్టారు, ఆదివారం అదే చర్చి, తర్వాత కాలేజీ అయింది ఆ బడే. ఊరికి బెరియా అని పేరు, మన బైబిల్లో బెరయ అని ఉంటుందే, అదే. 1858లో రోజర్స్ దంపతులు వచ్చి పాఠాలు చెప్పడం మొదలెట్టారు. మరుసటేడాది డిసెంబర్లో బానిసత్వం వద్దనే వీళ్ళంటే పడనివాళ్ళు అరవై మంది దాకా తుపాకులేసుకొచ్చి పది రోజుల్లో ఖాళీ చేయండన్నారు, అందరూ చిన్నపిల్లల్తో సహా చలిలో ఊరొదిలి పోయారు.

సివిల్ వార్, అంటే అమెరికా అంతర్యుద్ధం, అయ్యాక తిరిగొచ్చి 1866లో బడి మళ్ళీ తెరిచారు. నల్లపిల్లలు అడుగుపెట్టగానే తెల్లపిల్లల్లో ఒక గుంపు లేచి వెళ్ళిపోయింది. ఇది వింటే నాకు మన ఒంగోలు గుర్తొస్తుంది, అక్కడికి అమెరికన్ మిషనరీ క్లౌ దొర వచ్చిందీ అదే ఏడాది, మాదిగ పిల్లలు బళ్ళో చేరేసరికి పెద్దకులాల వాళ్ళు తమ పిల్లల్ని మాన్పించేశారు. ఫీ మాత్రం పోయినవాళ్ళ కోసం ఇంకో గది కట్టలేదు, నాకు ఆయన్లో నచ్చింది అదే. పాఠాలు ఆగలేదు, ఆ ఏడాది లెక్కలో 96 మంది నల్లవాళ్ళు, 91 మంది తెల్లవాళ్ళు, పక్కపక్కనే.

ఆయన 1901లో పోయాడు. మూడేళ్ళకే, 1904లో, కెంటకీ ప్రభుత్వం నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ కలిపి చదివిస్తే వెయ్యి డాలర్లు ఫైన్ అని చట్టం తెచ్చింది. రాష్ట్రంలో కలిపి చదివించే కాలేజీ అదొక్కటేనండీ, అంటే గురి ఎవరిమీదో తెలుస్తూనే ఉంది! కాలేజీ సుప్రీంకోర్టు దాకా పోయి 1908లో ఓడిపోయింది, నల్లపిల్లలకి వేరేచోట బడి పెట్టాల్సొచ్చింది. చట్టం సడలేసరికి 1950. వెంటనే మళ్ళీ తలుపులు తెరిచారు.

ఇప్పటికీ అక్కడ ఫీజు బదులు ప్రతి స్టూడెంటూ ఏదో ఒక పని చేయాల్సిందే, వంటగదిలోనో ఆఫీసులోనో, చీపుర్లు కట్టే వర్క్‌షాపు కూడా ఉంది, ఆ చీపుర్లు బయట అమ్ముతారు కూడానూ.