ఏటవాలు మీది ఊరు

శ్రోతలకు నమస్కారం.

దక్షిణ అమెరికా ఖండానికి పడమటి అంచున బారుగా సాగే ఆండీస్ పర్వతాలు కొలంబియా దేశంలోకి వచ్చేసరికి మూడు పాయలుగా చీలిపోతాయి. ఆ మూడింటిలో నడిమి పాయకు పడమటి వైపున, కిందీయో అనే చిన్న పరగణాలో, సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున సలెంతో అనే ఊరు ఉంది. చుట్టుపక్కల పల్లెలతో కలిపి ఈ ప్రాంతపు కాఫీ సీమను 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కాఫీ ఎలా పండిస్తారో చూద్దామని వెళ్లిన నేను అక్కడ గడిపిన నాలుగు రోజుల్లోనూ ఎక్కువగా చూసింది ఏటవాలునే. ఆ ఊళ్లో దారి, బండి, గోడ, పంట, ఆఖరికి చెట్టు కూడా ఏటవాలు చెప్పినట్టు నడుచుకున్నవే.

ముందు దారి సంగతి చెబుతాను. రాజధాని బొగొటా నుంచి నైరుతి దిక్కుకు పోవాలంటే ఒకప్పుడు కిందీయో కనుమ దాటవలసిందే. బురదలో గుర్రాలు కూడా దిగబడే ఆ కనుమలో, డబ్బున్న బాటసారులు మనుషుల వీపుల మీద ప్రయాణం చేసేవారు. మన పల్లకీకి నలుగురు బోయీలుంటారు. అక్కడ ఒక్క మనిషే వీపుకు కుర్చీ కట్టుకుని, అందులో కూర్చున్న దొరను మోసుకుంటూ కొండ ఎక్కి దిగేవాడు. 1801లో ఈ కనుమ దాటిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఆ కుర్చీ ఎక్కడానికి ఒప్పుకోక, తన సహచరుడు బోన్‌ప్లాన్‌తో కలిసి కాలినడకనే వెళ్లాడు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు, 1842లో, ఇదే బాటను ఆనుకుని పుట్టిన స్థావరమే నేటి సలెంతో. కిందీయోలో అన్నిటికంటే పాత ఊరు ఇదే.

మనుషుల వీపుల తర్వాత కంచరగాడిదలు వచ్చాయి, వాటి తర్వాత జీపులు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యానికి అక్కరలేకపోయిన విల్లీస్ జీపులు 1940ల చివరి నుంచి కొలంబియాకు చేరాయి. యుద్ధభూమి కోసం తయారైన ఆ బండికి కాఫీ కొండలే సరైన చోటని రైతులు వెంటనే కనిపెట్టారు. ఈనాటికీ సలెంతో చావడి ముందు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల జీపులు వరుసగా నిలబడి ఉంటాయి. లోపల జాగా చాలకపోతే వెనుక ఇనుప రేకు మీద నిలబడి, పైకప్పు కమ్మీ పట్టుకుని వెళ్లవచ్చు. నేను అలాగే వెళ్లాను. మన ఊళ్ల షేర్ ఆటోలు ఎక్కినవారికి అదేమీ కొత్త విద్య కాదు. పండగ రోజుల్లో ఈ జీపుల మీద అరటి గెలలూ, కాఫీ బస్తాలూ, మంచాలూ, కుర్చీలూ, దేవుడి పటాలూ, ఒక ఇంట్లో ఉండే సమస్తమూ ఎత్తుగా పేర్చి ఊరేగిస్తారు. బరువంతా వెనక్కి వేసి, ముందు చక్రాలు గాలిలోకి లేచేట్టు నడపడం అక్కడి డ్రైవర్ల ప్రత్యేక ప్రతాపం.

ఊరిలో ఇళ్లు ఒకటీ రెండు అంతస్తులవే. తెల్లని గోడలకు నీలం, నారింజ, ఆకుపచ్చ రంగుల తలుపులు, చెక్క వసారాలు, పెంకుల కప్పులు కనిపిస్తాయి. అవి చూడముచ్చటగా ఉంటాయన్న మాట నిజమే గాని, తెలుసుకోవలసిన సంగతి సున్నం వెనుక ఉంది. గ్వాదువా అనే లావుపాటి వెదురుతో చట్రం కట్టి, చీల్చిన వెదురు దబ్బలు బిగించి, పైన పేడ కలిపిన మట్టి మెత్తుతారు. ఆ పద్ధతిని బహరేకే అంటారు. మన పల్లెల్లో తడిక కట్టి మట్టి మెత్తే గోడకు అది దగ్గరి చుట్టం. పేదవాళ్ల కట్టడమని చులకన చేసి పట్టణాలు దాన్ని వదిలేశాయి. 1999 జనవరి 25న ఇక్కడికి దగ్గరలోని ఆర్మేనియా పట్టణాన్ని భూకంపం కుదిపినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇనుప కడ్డీల ఊతం లేని ఇటుక గోడలు కూలిన చోట, చక్కగా కాపాడుకున్న వెదురు ఇళ్లు ఊగి నిలబడ్డాయి. ఆ తర్వాతే ఇంజనీర్లు ఈ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, సిమెంటు పూతతో కట్టే బహరేకేను దేశ నిర్మాణ నిబంధనల్లో చేర్చారు.

కాఫీ తోటలు ఊరికంటే దిగువన ఉంటాయి. మట్టి బాటన గంటకు పైగా దిగుతూ పోతే అరటి చెట్ల నీడన, నిలబడడానికే భయమేసేంత వాలులో, కాఫీ మొక్కల వరుసలు కనబడతాయి. ఇక్కడ పండేదంతా అరబికా రకమే. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో ఏడాదిలో పలుమార్లు వాన పడుతుంది, వాన పడినప్పుడల్లా పూత వస్తుంది. అందుచేత ఒకే కొమ్మకు పువ్వు, పచ్చికాయ, ఎర్రపండు మూడూ కలిసి ఉంటాయి. ఏడాదికి పెద్ద కోత ఒకటి, మితాకా అనే చిన్న కోత మరొకటి. యంత్రం ఈ వాలు ఎక్కలేదు. ఎక్కినా పండునూ కాయనూ వేరు చేయలేదు. నడుముకు బుట్ట కట్టుకున్న కూలీలు రెండు చేతులతో ఒక్కొక్క పండే తుంచుతారు, సాయంత్రం తూకం వేసి కిలోల లెక్కన కూలి ఇస్తారు. నేనూ ఒక బుట్ట కట్టుకుని గంట సేపు కోశాను. అడుగు మాత్రమే నిండింది, అందులోనూ సగం పచ్చికాయలే. తోట యజమాని వాటిని ఏరి పారేస్తూ ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

కోసిన పండ్లను ఆ రోజే పల్పింగ్ యంత్రంలో వేసి తోలు తీస్తారు. జిగురుతో ఉన్న గింజలను ఒక రాత్రి తొట్టెలో పులియబెట్టి, కడిగి, ఆరబెడతారు. ఎప్పుడు వాన పడుతుందో తెలియని ఈ సీమలో ఆరబెట్టడమే పెద్ద కష్టం. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది: గింజలను ఇంటి పైభాగంలో నేల మీద పరచి, కప్పునే పట్టాల మీద వెనక్కీ ముందుకీ తోస్తారు. ఎండ కాస్తే కప్పు జరుగుతుంది, మబ్బు పడితే మూసుకుంటుంది. ఐదు కిలోల పండ్లకు ఒక కిలో ఎండిన పార్చిమెంట్ కాఫీ, అంటే పలుచని పొట్టు ఇంకా తీయని గింజ, వస్తుంది. దాన్ని రైతు సహకార సంఘపు కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతాడు. 1927లో ఏర్పడిన జాతీయ కాఫీ రైతుల సమాఖ్య ఆ రోజు అంతర్జాతీయ ధరను బట్టి కొనే హామీ ఇస్తుంది గాని, ఆ ధర ఎంత ఉంటుందన్నది ఎవరి చేతిలోనూ లేదు.

1983లో ఆకు తుప్పు తెగులు కొలంబియాలోకి ప్రవేశించింది. 1989లో కాఫీ ఎగుమతుల కోటాలపై దేశాల మధ్య ఉన్న ఒప్పందం కుప్పకూలి ధరలు పడిపోయాయి. ఈ రెండు దెబ్బలకూ చాలామంది కాఫీ పీకి పశువుల బీడు చేశారు, ఇళ్లను అతిథి గృహాలుగా మార్చారు. తెగులుకు మందు మాత్రం దొరికింది: సెనికఫే అనే కాఫీ పరిశోధన కేంద్రం పొట్టి కతుర్రా రకాన్ని తెగులు తట్టుకునే తైమూర్ సంకరం అనే రకంతో కలిపి, దశాబ్దాల ఎంపిక తర్వాత 2005లో కాస్తియో రకాన్ని విడుదల చేసింది. మన దేశంలో కావేరి అనే పేరుతో సాగు చేసే కాఫీకి కూడా ఆ రెండే తల్లిదండ్రులు. అరకు, పాడేరు కొండల్లో మిరియపు తీగల నడుమ కాఫీ పెంచే గిరిజన రైతు సలెంతో తోటలో నిలబడితే, భాష తెలియకపోయినా పని మొత్తం అర్థమవుతుంది.

ఊళ్లో నాకు ఇచ్చిన మొదటి కప్పు చప్పగా ఉందని చెప్పక తప్పదు. అక్కడ పాలు లేని చిన్న కప్పు కాఫీని తింతో అంటారు, వీధిలో ఫ్లాస్కుల్లో పోసి అమ్ముతారు. దశాబ్దాల పాటు మేలిరకం గింజలన్నీ ఓడలెక్కి పోగా, పురుగు తిన్నవీ పగిలినవీ అయిన పసీయా గింజలే దేశంలో మిగిలేవి. జనం నాలుక వాటికే అలవాటు పడింది. ఇప్పుడు తోటలోనే వేయించి, తమ పంటను తామే రుచి చూసే రైతులు పెరుగుతున్నారు. ఆ తోటలో తాగిన కప్పులో పులుపూ, బెల్లపు వాసనా రెండూ ఉన్నాయి.

చివరి రోజు జీపులో కోకోరా లోయకు వెళ్లాను. హంబోల్ట్‌ను ఆశ్చర్యపరచిన మైనపు తాళవృక్షాలు అక్కడ పచ్చిక మీద విడివిడిగా నిలబడి ఉన్నాయి. 60 మీటర్ల దాకా పెరిగే ఈ చెట్టు తాళజాతిలో అన్నిటికంటే ఎత్తైనది. మన తాటిచెట్లు రెండింటిని ఒకదానిపై ఒకటి నిలబెట్టినా దాన్ని అందుకోవడం కష్టం. 1985లో దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించారు. మట్టల ఆదివారం పండగకు దాని లేత ఆకులు నరికే ఆచారాన్ని చాలావరకు మాన్పించారు. అయితే ఆ అందమైన పచ్చిక బయలే చెట్టుకు శత్రువు. అడవి నీడలో మొలకెత్తవలసిన మొక్కను ఎండ మాడుస్తుంది, మిగిలినదాన్ని ఆవు మేస్తుంది. నేను సగం పూట ఆ వాలులో తిరిగాను. పైన పొగమంచులో మునిగిన చెట్లన్నీ ముసలివే. నా మోకాలి ఎత్తున్న మొక్క ఒక్కటి కనబడింది, దాని చుట్టూ ఎవరో నాలుగు గ్వాదువా కర్రలు పాతి ముళ్లతీగ బిగించారు.

నమస్కారం.