సైలెన్సర్ మారిస్తే పికప్ ఎందుకు పడిపోతుంది?

"అన్నా, ఇంజిన్‌కి కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది." కార్ మీట్‌కి వెళ్లినా ఇదే మాట, పంక్చర్ షాపులో నిలబడినా ఇదే మాట. ఇందులో సగం నిజం. పికప్ పోవడం నిజమే, చెప్పే కారణమే తప్పు. బ్యాక్ ప్రెషర్ అంటే పొగ బయటికి పోకుండా అడ్డుపడే ఒత్తిడి. ఆ పొగని తోయడానికి పిస్టన్ తన పవరే ఖర్చు పెట్టాలి. అలాంటిది ఏ ఇంజిన్‌కి కావాలండీ? కావాల్సింది పొగకి వేగం.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక సినిమా హాలు ఊహించుకోండి. మ్యాట్నీ వదిలారు, ఫస్ట్ షో జనం గేటు దగ్గర ఉన్నారు. హాలు సిలిండర్. లోపలి జనం కాలిపోయిన గ్యాస్, బయటి జనం కొత్త గాలి, పెట్రోల్. మ్యాట్నీ వాళ్లు కొంతమంది సీట్లలోనే ఉండిపోతే ఫస్ట్ షోకి అన్ని సీట్లు తగ్గినట్టే. సిలిండర్‌లో పాత గ్యాస్ మిగిలినా అంతే, కొత్త మిశ్రమం తగ్గుతుంది, పవర్ తగ్గుతుంది.

బయటికెళ్లే సందు ఇరుకైతే తోపులాట. అదీ బ్యాక్ ప్రెషర్. సరే అని గోడలు కొట్టేసి పెద్ద మైదానం చేశామనుకోండి. బయటికొచ్చినవాళ్లు గేటు ముందే ఆగి క్లైమాక్స్ గురించి వాదించుకుంటారు. వెనక వచ్చేవాళ్లకి ఊపు ఉండదు. 1.2 లీటర్ కారుకి రెండున్నర అంగుళాల పైపు వేస్తే జరిగేది ఇదే. వచ్చే గ్యాస్ అంతే, పైపు లావెక్కింది కాబట్టి నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది. 2000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, అంటే మన ట్రాఫిక్‌లో బండి రోజంతా తిరిగే చోట, టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, పడిపోతుంది.

మరి ఊపుతో లాభమేంటి? ఇక్కడ హాలు పోలిక కొంచెం తప్పుతుంది. వెళ్లేవాళ్లు వెనకవాళ్లని లాక్కెళ్లరు. గ్యాస్ లాక్కెళ్తుంది. పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరవగానే ఒక ప్రెషర్ అల పైపులోకి దూసుకెళ్తుంది. పైపులు కలిసే చోటు తగలగానే అది లో ప్రెషర్ అలగా తిరిగి వాల్వ్ దగ్గరికి వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే కొత్త మిశ్రమం వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుంటుంది కదా, ఆ ఓవర్‌ల్యాప్ టైములో ఈ అల వచ్చిందా, మిగిలిన పాత గ్యాస్‌ని పీల్చేసి కొత్త మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. దీన్నే స్కావెంజింగ్ అంటారు. 6000 ఆర్‌పీఎంలో ఓవర్‌ల్యాప్ క్రాంక్ తిరిగే 30 డిగ్రీలు అనుకుంటే, ఆ సందు తెరిచి ఉండేది ఒక మిల్లీసెకను కూడా కాదు! అందుకే హెడర్ (సిలిండర్ల నుంచి పొగ తెచ్చి ఒకచోట కలిపే పైపుల సెట్టు) పైపు పొడవుని ఒక ఆర్‌పీఎం రేంజ్‌కి లెక్కగట్టి కోస్తారు. ఈ లెక్క ఎంత చూసినా నాకు విసుగు రాదు.

ఇప్పుడు ఒకే సందులోకి నాలుగు హాళ్లు, అంటే నాలుగు సిలిండర్ల ఇంజిన్. రెండు హాళ్లు వెంటవెంటనే వదిలితే జనం ఒకరిమీద ఒకరు పడతారు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) మామూలుగా 1-3-4-2 కాబట్టి 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. జతలోని రెండు సిలిండర్లూ ఒకదానికొకటి దూరంగా పేలతాయి, ఒకటి ఇంకోదానికి అడ్డం రాదు. ముందు జతలుగా కలిపి తర్వాత ఒక్క పైపు చేస్తే 4-2-1 హెడర్, మిడ్ రేంజ్‌కి మంచిది. నాలుగూ ఒకే చోట కలిస్తే 4-1, పై ఆర్‌పీఎంలో ఎక్కువ పనికొస్తుంది. సిటీ బండికి 4-1 ఎందుకో నాకర్థం కాదు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ కారులో ఉండే 1.0 టీఎస్ఐ ఇంజిన్‌లో మానిఫోల్డ్ (కంపెనీ నుంచి వచ్చే హెడర్ లాంటిది) సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది, అంటే మార్చడానికి హెడరే లేదు. అయినా "బ్రో, హెడర్ ఎంత?" అని అడుగుతూనే ఉంటారు.

వెనక సైలెన్సర్ ఒక్కటే మారిస్తే? హాలు దాటి, సందు దాటి, బస్టాప్‌కి రంగులేసినట్టే. మామూలు కారులో అసలు ఇరుకు ఎక్కువగా ముందుంటుంది, మానిఫోల్డ్ దగ్గర, క్యాట్ (పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) దగ్గర. శబ్దం పెరుగుతుంది, చెవి దాన్ని పవర్ అనుకుంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది) అంటే సందులో తిరిగే గేటు. గేటు దాటాక ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది, అక్కడ లావు డౌన్‌పైప్ (టర్బో తర్వాతి పైపు) నిజంగా పనిచేస్తుంది. కానీ ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) లేకుండా పూర్తి లాభం రాదు. క్యాట్ పీకేస్తే దాని వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ పట్టేస్తుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. రోడ్డు మీద అది చట్టవిరుద్ధం కూడా. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్దం, పొగ పరిమితులు దాటితే మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది.

షాపువాళ్లు "15 హార్స్‌పవర్ గ్యారంటీ" అంటే డైనో (ఇంజిన్ పవర్ కొలిచే మెషిన్) షీట్లు అడగండి, ముందుదీ తర్వాతదీ, ఒకే మెషిన్ మీద, ఒకే రోజు తీసినవి. పైన చివరి నంబర్ కాదు, 2000 నుంచి 3500 మధ్య టార్క్ గీత చూడండి. డీజిల్, డీపీఎఫ్ (డీజిల్ మసిని పట్టే ఫిల్టర్) సంగతి ఇంకో వీడియోలో.