మనిషి ఉంటేనే అయ్యే పనులు

ఒక సెమిస్టర్ చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, ఇప్పుడు ఇంటికి బయల్దేరుతున్న మీ అందరికీ నమస్కారం. పరీక్షలు నెత్తి మీద ఉన్నా గంటసేపు కూర్చోవడానికి వచ్చారు కాబట్టి సోది చెప్పను. మామూలుగా ఇలాంటి చోట ఫోన్లు లోపల పెట్టమంటారు. నేను బయటికి తీయమంటున్నాను. నాలుగు తేదీలు రాసుకోండి: మీ చివరి పరీక్ష, గది ఖాళీ చేయాల్సిన రోజు, విమానం ఎక్కే రోజు, వీసా గానీ నివాస అనుమతి గానీ ముగిసే రోజు. నాలుగోది చాలామంది వెతుక్కుంటున్నట్టు కనబడుతోంది. వెతకండి, తొందరేం లేదు.

ఇక్కడికి రావడానికి మీరు ఎన్నాళ్లు సిద్ధమయ్యారు? దరఖాస్తు దగ్గర్నుంచి లెక్కేస్తే చాలామందికి ఏడాది దాకా పట్టి ఉంటుంది. మరి తిరిగి వెళ్లడానికి? సూట్‌కేసు తూచుకోవడం తప్ప ఏమీ ఉండదు. "ఇంటికే కదా" అనే ఒక్క మాటతో సరి. నేనూ చదువుకునే రోజుల్లో ఒక సెమిస్టర్ బయట గడిపి, ఆ మాటే అనుకుని బయల్దేరినవాణ్ణి. తర్వాత చాలా ఏళ్లుగా మీలాంటివాళ్లను పంపించే పనిలోనే ఉన్నాను. ఈ పనిలో నాకు పట్టుబడిన కిటుకు ఒకటే. పనులను ముఖ్యమైనవీ కానివీ అని విడదీయకండి. మనిషి ఇక్కడ ఉంటేనే అయ్యేవి ఏవి, ఎక్కడున్నా అయ్యేవి ఏవి అని విడదీయండి. మిగిలిన ఈ కొద్ది వారాలూ మొదటి రకానికే.

నా సంగతే చెప్తాను. బయల్దేరే ముందు రోజు చాలా పద్ధతిగా నా ఫోన్ నంబరు రద్దు చేసుకున్నాను. నెలనెలా బిల్లు ఎందుకు దండగ అని. గది అడ్వాన్సు ఆరు వారాల తర్వాత వచ్చింది, అక్కడి బ్యాంకు ఖాతాలో పడింది. ఆ ఖాతాలోకి వెళ్లాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్లేది నేను రద్దు చేసుకున్న నంబరుకి. డబ్బు ఉందని తెలుసు, తీసుకునే దారి లేదు. బ్యాంకువాళ్లను అడిగితే, గుర్తింపు కార్డు పట్టుకుని ఒకసారి బ్రాంచికి రండి అన్నారు. ఖండం అవతల నుంచి! తేలడానికి నాలుగు నెలలు పట్టింది. వాళ్లననడానికి ఏమీ లేదు, చిక్కుముడిని నేనే తప్పు కొసనుంచి లాగాను. ముందు అడ్వాన్సు చేతికి రావాలి, ఆ తర్వాత ఖాతా మూయాలి, నంబరు అన్నిటికన్నా చివర. అందాకా అతి తక్కువ ప్లాన్‌లోకి మార్చి నంబరును బతికించుకోండి. దేశం దాటాక దానికి మెసేజీలు వస్తాయో లేదో మాత్రం ఇక్కడుండగానే కనుక్కోండి.

గది విషయంలో ఒక్క మాట. సామానంతా తీసేశాక, తాళాలు ఇచ్చే ముందు, గోడలూ నేలా బాత్రూమూ మూలమూలా వీడియో తీయండి. వీలైతే యజమానిని పక్కన పెట్టుకుని చూపించి, అంతా బాగుందని సంతకం తీసుకోండి. వెళ్లిపోయాక గోడ మీద గీత ఎవరు గీశారని వాదించుకోలేరు.

ఇక కాగితాలు. ఇవి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే మీరు చదివిన చదువు మీ సొంత విశ్వవిద్యాలయం లెక్కలోకి వస్తుందా రాదా అన్నది వీటి మీదే ఉంది. విద్యార్థులు కొంతకాలం వేరే దేశంలో చదువుకునేందుకు యూరప్‌లో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకాన్నే తీసుకోండి. అక్కడ సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. అంటే 750 నుంచి 900 గంటల మీ కష్టం ఒకటి రెండు పేజీల మార్కుల పత్రంలోకి ఇంకుతుంది. ఆ పత్రంలో కోర్సు పేరు, క్రెడిట్లు, గ్రేడు ఉంటాయి. ఆ కోర్సులో ఏం చెప్పారో ఉండదు. మీ సొంత విశ్వవిద్యాలయంలో మీ ఫైలు చూసే ప్రొఫెసర్‌గారు ఇది మా కోర్సుతో సమానమేనా అని అడిగితే ఆ పత్రం నోరు విప్పదు. అందుకని ప్రతి కోర్సు సిలబస్, వారాల వారీ పాఠాల పట్టిక, మీరు రాసిన వ్యాసాలు, దిద్ది ఇచ్చిన పేపర్లు ఇప్పుడే దించుకుని సొంత డిస్క్‌లో దాచుకోండి. ఎన్రోల్‌మెంట్ గడువు తీరితే పోర్టల్ మూతపడుతుంది. దాని వెనకాలే విశ్వవిద్యాలయం ఈమెయిల్ కూడా పోతుంది. ఆ ఈమెయిల్‌తో ఎక్కడెక్కడ ఖాతాలు తెరిచారో ఈ రాత్రే కూర్చుని మార్చుకోండి.

పత్రాలకు అపోస్టిల్ కావాలా అన్నది కూడా మీ సొంత విశ్వవిద్యాలయాన్ని ఇప్పుడే అడగండి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం వేసే ధ్రువీకరణ ముద్ర అది. ఏ దేశం పత్రం ఇచ్చిందో ఆ దేశపు అధికారులే వేయాలి, మీ దేశం వేయడానికి వీల్లేదు. చాలామందికి దీని అవసరమే రాదు. వచ్చినవాళ్లకు మాత్రం, ఇక్కడుంటే ఒక కార్యాలయానికి వెళ్లొస్తే సరిపోయేది అక్కణ్నుంచి వారాల తరబడి సాగే వ్యవహారం అవుతుంది.

సిఫార్సు లేఖ కావాలనుకుంటే ప్రొఫెసర్ గది తలుపు తట్టి అడగండి. ఆయనకు ఇప్పుడు మీ ముఖం గుర్తుంది. వచ్చే ఏడాదికి మీరు జాబితాలో ఒక పేరు.

కొన్ని దేశాల్లో వెళ్లిపోతున్నామని కూడా ప్రభుత్వానికి చెప్పి వెళ్లాలి. జర్మనీలో నివాస నమోదు రద్దు చేసుకోవాలి. ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి, చేశాక రెండు వారాల దాకా గడువు. అమెరికాకు జె-1 వీసా మీద వెళ్లిన మార్పిడి విద్యార్థులకు కార్యక్రమం ముగిశాక 30 రోజులు ఉండే వెసులుబాటు ఉంది. ఉండటానికే సుమండీ, బయటికి వెళ్లి తిరిగి రావడానికి కాదు. పరీక్షలైపోయాయి కదా అని సరిహద్దు దాటి వారం తిరిగొద్దామనుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఏ దేశంలో ఉన్నా సరే, సరదా ప్రయాణాలు పెట్టుకునే ముందు ఇందాకటి నాలుగో తేదీ చూడండి.

సామాను గురించి పెద్దగా చెప్పను, అవతల పారేయాల్సిందేమిటో మీకే తెలుసు. ఒక్కటి మాత్రం. పవర్ బ్యాంకు పెద్ద సూట్‌కేసులో పెట్టకండి, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-గంటల వరకు మామూలుగా అభ్యంతరం ఉండదు, అంటే సుమారు 27,000 మిల్లీ ఆంపియర్ గంటలు.

ఇప్పుడు మనుషుల సంగతి. చివరి రెండు వారాల్లో అందరూ ఒక జాబితా పట్టుకుని పరుగులు తీస్తారు. చూడని కోట, ఎక్కని కొండ. నాకు ఆ జాబితాల మీద నమ్మకం లేదు. కోట ఎక్కడికీ పోదు. రోజూ మీ గదినుంచి క్లాసుకి నడిచే దారి ఉంది చూశారూ, మీకు సంబంధించినంతవరకు అదే పోతుంది. తొందర లేకుండా ఒకసారి నడవండి. వీలైతే ఆ బస్సులో స్టాపుల పేర్లు చెప్పే గొంతు రికార్డు చేసుకోండి. నవ్వకండి, నా దగ్గర అలాంటిది ఒకటుంది. ఫోటోలు ఎప్పుడో చూడటం మానేశాను గానీ, అది మాత్రం ఇప్పటికీ వింటాను.

వీడ్కోళ్లు కూడా అంతే. పార్టీలో యాభై మందిని కౌగిలించుకుంటారు, ఎవరికీ ఏమీ చెప్పరు. మీకు నిజంగా ఆసరాగా నిలిచినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. మొదటి వారం దారి చూపించిన పక్కగది అమ్మాయి, మీ తప్పుల భాషను ఓపిగ్గా విన్న లైబ్రరీ ఉద్యోగి. వాళ్లు పార్టీకి రారు. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లి, చేసిన సాయమేమిటో పేరు పెట్టి చెప్పి రండి. ఇది ఈమెయిల్లో అయ్యే పని కాదు.

ఇక దిగాక. ఇక్కడ కాస్త పరిశోధకుల మాట చెప్పాలి. స్వెరె లిస్‌గార్డ్ అనే నార్వే సామాజికవేత్త అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ గ్రహీతలను అడిగి 1955లో ఒక వ్యాసం రాశారు. పరాయి చోట కుదురుకోవడం మొదట బాగుంటుంది, మధ్యలో కుంగుతుంది, మళ్లీ లేస్తుంది, ఆంగ్ల అక్షరం 'యు' లాగా అన్నారు. 1963లో గల్లాహార్న్ దంపతులు దానికి ఇంకో 'యు' తగిలించి 'డబ్ల్యు' చేశారు, ఇంటికి వచ్చాక ఇంకో కుంగుబాటు ఉంటుందని. అందరి విషయంలోనూ ఈ గీత ఇలాగే ఉండదని తర్వాతివాళ్లు ఆక్షేపించారు, అదీ నిజమే. నాకు మాత్రం లిస్‌గార్డ్ లెక్కలో ఒక ముక్క మీకోసమే రాసినట్టు అనిపిస్తుంది. ఆయన చూసినవాళ్లలో ఆరు నెలల లోపే ఉన్నవాళ్లు, ఆరు నుంచి పద్దెనిమిది నెలలు ఉన్నవాళ్లకంటే బాగా కుదురుకున్నారు. సెమిస్టర్‌వాళ్లు సరిగ్గా అంతే కాలం ఉంటారు. అంటే మోజు తీరకముందే బయల్దేరుతున్నారు. ఈ ఊరి మీద మీకు రావాల్సిన విసుగు ఇంకా రానేలేదు. అందుకే ఇంట్లో దిగిన మూడో రోజు నుంచే "అక్కడైతేనా" అని మొదలుపెడతారు. ఆ మాట వినేవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వియన్నాలో పుట్టి 1939లో అమెరికా చేరిన తాత్వికుడు ఆల్‌ఫ్రెడ్ షూట్జ్, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల గురించి 1945లో ఒక వ్యాసం రాశారు. మొదట్లోనే గ్రీకు వీరుడు ఓడిసియస్‌ను తలుచుకుంటారు. ఇరవై ఏళ్లు తపించి సొంత దీవికి చేరితే, ఒడ్డున నిద్రలేచి, ఇదే నా ఊరని గుర్తుపట్టలేకపోయాడు. మీరు ఐదు నెలలకే వెళ్తున్నారు కాబట్టి ఊరు గుర్తుపడతారు. చిక్కు ఏమిటంటే, ఇంట్లోవాళ్లూ మిమ్మల్ని ఐదు నెలల కిందటి మనిషిగానే గుర్తుపడతారు. ఇక్కడ అర్ధరాత్రి ఒంటరిగా స్టేషన్లో రైలు మారినవాళ్లను "ఎక్కడికి, ఎప్పుడొస్తావ్?" అని అడుగుతారు. గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి, నేను చూశాను. దిగాక గుమ్మంలో తేల్చుకునే విషయం కాదిది. ఇప్పుడే ఫోన్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఇక్కడ నా రోజు ఇలా గడుస్తోంది, వచ్చాక కూడా కొన్ని పనులు నేనే చూసుకుంటాను అని కాస్త కాస్తగా చెప్తూ ఉండండి.

"ఎలా ఉంది అక్కడ?" అని అందరూ అడుగుతారు. చాలామందికి నిమిషం జవాబు చాలు. ఒక్క సంఘటన ఎంచుకుని ముందే సిద్ధం చేసుకోండి, "బాగుంది" అనకుండా. రెండు గంటల కథ, మీలాగే వెళ్లొచ్చినవాళ్ల కోసం దాచుకోండి. అడిగినవాళ్లను మీరు తిరిగి అడగండి, ఈ ఐదు నెలల్లో ఇక్కడ ఏం జరిగిందని. ఎవరికి ఒంట్లో బాగోలేదో, ఎవరి ఉద్యోగం పోయిందో మీకు వీడియో కాల్లో చెప్పి ఉండరు, కంగారు పడతారని. మనిషి ఎదురుగా ఉంటేనే చెప్పే మాటలు అటువైపు కూడా పేరుకుని ఉంటాయి.

మొదటి వారం పెద్ద నిర్ణయాలేవీ వద్దు. మన ఒంట్లో గడియారం 24 గంటలకన్నా కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అందుకే తూర్పుకు ప్రయాణం పడమటి ప్రయాణం కంటే కష్టంగా ఉంటుంది. ఎన్ని గంటల తేడా దాటితే సుమారు అన్ని రోజులు పడుతుంది సర్దుకోవడానికి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి జీవితం వృథా అయిపోయిందనిపిస్తే, అది చాలావరకు నిద్రలేమి.

సరే, ఇక తేదీలు. నాలుగూ రాశారా? గది తేదీకీ విమానం తేదీకీ మధ్య ఖాళీ ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఆరుగురు. విమానం కంటే ముందే అనుమతి ముగిసిపోయేవాళ్లు? ఒకరు... ఇద్దరు. మీరిద్దరూ ముందుకు రండి, మీతోనే మొదలుపెడదాం. కార్యాలయం ఇంకా రెండు గంటలు తెరిచే ఉంటుంది.