పాలు కక్కే బిడ్డకి డబ్బా పాలు: డబ్బా మార్చే ముందు ఇవి చూడండి

అందరికీ నమస్కారం అండి. ఈరోజు మాట్లాడేది పాలు తాగిన ప్రతిసారీ కక్కేసే పిల్లల గురించి, అంటే రిఫ్లక్స్ ఉన్న బిడ్డకి డబ్బా పాలు ఏవి పట్టాలి, ఎలా కలపాలి అని. ముందే ఒక మాట చెప్పేస్తాను, చాలామంది బిడ్డ నాలుగుసార్లు కక్కగానే డబ్బా మార్చేస్తారు, వారం తిరక్కుండా మళ్ళీ ఇంకో కంపెనీది, అలా చేయకండి ప్లీజ్. డబ్బా మార్చడం చివర్లో చేయాల్సిన పని. తల్లిపాలు కూడా ఇస్తున్నవాళ్ళైతే, కక్కుతున్నారని అవి మాత్రం ఆపకండి.

అసలు ఎందుకు కక్కుతారంటే, అన్నవాహిక పొట్టలో కలిసే చోట ఒక కండరం ఉంటుంది, పాలు పైకి రాకుండా అది బిగుసుకోవాలి, పసిపిల్లల్లో దానికింకా ఆ పట్టు రాదు, పైగా తాగేవన్నీ పాలే, ఎక్కువసేపు పడుకునే ఉంటారు, దాంతో పైకి వచ్చేస్తాయి. 4 నెలల దగ్గర ఇది బాగా ఎక్కువగా కనిపిస్తుంది, ఏడాది నిండేసరికి ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. కక్కినా హాయిగా ఆడుకుంటూ బరువు పెరుగుతుంటే కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం, ఎన్ని పాలు పడుతున్నాం. మొదటి నెలల్లో రోజు మొత్తానికి కిలో బరువుకి సుమారు 150 మిల్లీలీటర్లు అని లెక్క. బిడ్డ 5 కిలోలు ఉంటే రోజుకి 750, ఆరుసార్లు పడితే ఒక్కోసారి 125. మనమేమో ఏడ్చినప్పుడల్లా ఆకలే అనుకుని 180 కలుపుతాం, మిగిలితే పారబోయాలి కదా అని చివరి గుక్క దాకా తాగిస్తాం, అలా ఆరుసార్లంటే 1080 అయింది, ఆ చిన్న పొట్ట ఎక్కడ పట్టుకుంటుంది చెప్పండి. అదే 750ని ఎనిమిదిసార్లు, సుమారు 95 చొప్పున పట్టి చూడండి, చాలా ఇళ్ళల్లో దీనితోనే తేడా తెలుస్తుంది. బిడ్డ తల తిప్పేసుకుంటే అక్కడితో ఆపేయండి.

తర్వాత కలపడం. బాటిల్‌ని గట్టిగా ఊపేస్తాం కదా, ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి, పైన వేలెడు మందాన నురగ ఉంటుంది, అదంతా గాలే, త్రేన్పుతో బయటికొస్తూ పాలని కూడా లాక్కొస్తుంది. ఉండలు లేకుండా కలిశాక కాసేపు పక్కన పెడితే నురగ అణుగుతుంది, అప్పుడు పట్టండి, నిపుల్ నిండా పాలు ఉండేలా బాటిల్ వంచండి. ముందు నీళ్ళు, తర్వాత పొడి, డబ్బాలో వచ్చిన స్కూపే వాడాలి, అంచుకి సమంగా. చిక్కగా ఉంటే కక్కరని ఇంకో స్కూప్ వేయడం గానీ, తేలిగ్గా అరుగుతాయని నీళ్ళు పెంచడం గానీ రెండూ ప్రమాదమే, బిడ్డ ఒంట్లో నీళ్ళు, ఉప్పు లెక్క తప్పిపోతుంది. మామూలు పాలపొడిలో సొంతంగా బియ్యప్పిండి, సెరియల్ కలపడం కూడా వద్దు.

ఇవన్నీ సరిచేసినా బాధపడుతుంటే అప్పుడు డాక్టర్‌ని అడిగి ఏఆర్ (యాంటీ రిగర్జిటేషన్, అంటే కక్కడం తగ్గించేది) అని రాసుండే ఫార్ములా వాడొచ్చు, అందులో కారబ్ గింజల గమ్ గానీ స్టార్చ్ గానీ ఉంటుంది, పాలు చిక్కబడి కక్కడం తగ్గుతుంది. ఒకటి రెండు వారాలు చూస్తే పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. పాత నిపుల్‌తో ఈ పాలు రాకపోతే బిడ్డ బుగ్గలు లోపలికి పోయేలా లాగి అలిసిపోతుంది, ఫ్లో కొంచెం ఎక్కువున్న నిపుల్ కావాల్సి రావచ్చు. రిఫ్లక్స్‌కి ఆల్జినేట్ మందు (పొట్టలో పాలని చిక్కబరిచేది) ఆల్రెడీ వాడుతుంటే, అదీ ఏఆర్ ఫార్ములా రెండూ కలిపి ఇవ్వకూడదు, డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

నీళ్ళ వేడి దగ్గర జాగ్రత్త. పాలపొడి స్టెరైల్ కాదండి, అరుదుగా అయినా అందులో క్రోనోబాక్టర్ లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు, అందుకే కాచిన నీళ్ళు 70 డిగ్రీలకి తగ్గకముందే కలిపి, తర్వాత బాటిల్‌ని చల్లనీళ్ళలో పెట్టి చల్లార్చమని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది. కానీ కొన్ని ఏఆర్ పొడులు అంత వేడికి ఉండలు కట్టేస్తాయి, వాటి డబ్బా మీద తక్కువ వేడే రాసుంటుంది. అలాంటప్పుడు, ముఖ్యంగా నెలలు నిండక పుట్టిన బిడ్డ, 2 నెలల లోపు బిడ్డ అయితే, ముందే డాక్టర్‌ని అడగండి. కలిపిన పాలు బయట 2 గంటలు దాటితే, బిడ్డ తాగి వదిలేసినవైతే అప్పటికప్పుడే, పారబోసేయండి.

కక్కడంతో పాటు మలంలో రక్తం, జిగురు, ఒంటి మీద ఎగ్జిమా (ఎర్రగా, దురదగా ఉండే మచ్చలు) ఉంటే ఆవుపాల ప్రొటీన్ పడట్లేదేమో చూడాలి. దానికి లాక్టోజ్ ఫ్రీ (పాలలోని చక్కెర లేని ఫార్ములా) వాడితే లాభం లేదు, ప్రొటీన్ అదే కదా, మేకపాల ఫార్ములా కూడా అంతే, డాక్టర్ రాసిచ్చే హైడ్రొలైజ్డ్ ఫార్ములానే, అంటే ప్రొటీన్‌ని ముందే చిన్న చిన్న ముక్కలు చేసిందే కావాలి.

పసరు రంగులో వాంతి, రక్తం, పాలు దూరంగా చిమ్మినట్టు పడటం, మాడు ఉబ్బడం, జ్వరం, డైపర్ తడవకపోవడం, బరువు పెరగకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి వెళ్ళండి.

పాలు పట్టాక ఒక అరగంట భుజాన నిటారుగా ఎత్తుకోండి, కార్ సీట్లో కూర్చోబెట్టకండి, పొట్ట నలిగి ఇంకా కక్కుతారు. నిద్రకి మాత్రం వెల్లకిలా, చదునుగా ఉన్న పక్క మీదే పడుకోబెట్టండి, రిఫ్లక్స్ ఉందని తల కింద దిండు పెట్టడం, బోర్లా వేయడం అస్సలు వద్దండి.