నేల టికెట్టు, బాల్కనీ టికెట్టు: వీడియో గేముల ధరల్లో దేశానికో లెక్క

(శ్రీకాకుళంలో ఒక గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లంతా ముందు వరసల్లో కూర్చున్నారు, గేములాడే కుర్రాళ్లు వెనక్కి పోయారు. నేను మాట్లాడాల్సింది ఇద్దరితోనూ. అందుకని కాస్త గట్టిగానే మాట్లాడతాను.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక సందులో చాలా ఏళ్లు గేమ్ పార్లర్ నడిపాను. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చేశాక గంటకింతని కట్టి ఆడేవాడు ఎవడుంటాడు? పార్లర్ మూసేసి, ఇప్పుడు అదే గదిలో కంప్యూటర్లు, కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్లు, బాగుచేస్తున్నాను. 2022లో డిగ్రీ చదివే కుర్రాడొకడు వచ్చి అడిగాడు: "మాస్టారూ, టర్కీలో ఉన్నట్టు ఎకౌంట్ పెట్టుకుంటే గేమ్ మన రేటులో సగానికే వచ్చేస్తాదంట. నిజమేనేటి?" కొన్ని గేములకి నిజమే అన్నాను. "మరి వాళ్లకి తక్కువ, మనకి ఎక్కువేటి? ఇది మోసం కాదేటి?" అన్నాడు. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు, వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ చెప్తాను.

ధర ఊరూరికీ మారడం మనకి కొత్త కాదు. పలాసలో జీడిపప్పు ఒక రేటు, హైదరాబాద్‌లో ఒక రేటు. మధ్యలో లారీ కిరాయి ఉంది, చేతులు మారిన ప్రతిచోటా ఇంత లాభం ఉంది. గేముకి ఇవేవీ లేవు. ఎక్కడ తయారైనా తీగల్లోంచి నిమిషాల్లో ఇంటికి దిగిపోతుంది. అయినా రేటు మారుతుంది, అదీ తలకిందులుగా మారుతుంది. 2020 డిసెంబరులో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ల సైబర్‌పంక్ 2077 వచ్చింది. అమెరికాలో 59.99 డాలర్లు. అప్పటి మారకంలో మన డబ్బు 4,400 పైచిలుకు. మన దగ్గర స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో దాని ధర 2,999 రూపాయలు. పోలండ్‌లో చేసిన సరుకు అమెరికావాడికంటే శ్రీకాకుళంవాడికి చవక!

దీనికి జీడిపప్పు లెక్క పనికిరాదు, సినిమా హాలు లెక్క కావాలి. ముందు వరసలో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పాత హాళ్లలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. అదే బొమ్మ, అదే వెలుతురు, అదే పాట. నేలవాడికి హీరో ఇంకా పెద్దగా కనిపించేవాడు కూడా. మరి నాలుగు రేట్లు ఎందుకు? హాలు నిండినా, సగమే నిండినా బొమ్మ తిప్పడానికయ్యే ఖర్చు ఒక్కటే. బాల్కనీ రేటే అందరికీ పెడితే రిక్షా తొక్కేవాడు రాడు. నేల రేటే అందరికీ పెడితే బాల్కనీలో కూర్చునే ప్లీడరుగారి దగ్గర వచ్చే డబ్బు పోతుంది. అందుకే ఎవడి జేబు బట్టి వాడికి ఒక టికెట్టు. గేమూ అంతే. మొదటి కాపీ తయారు చెయ్యడానికి కోట్లు పోస్తారు, రెండో కాపీకి దాదాపు ఏమీ కాదు. మన దేశంలో 2,999కి అమ్మినా వాళ్లకి నష్టం లేదు. అసలు అమ్మకపోతేనే నష్టం.

ఇంజనీరింగ్ పిల్లలకి ఇంకో ఉదాహరణ మీ సంచీలోనే ఉంది. మీ టెక్స్ట్‌బుక్ అట్ట మీద చూడండి, ఇండియాలోనూ పక్క దేశాల్లోనూ మాత్రమే అమ్మకానికి అని ఉంటుంది. అదే పుస్తకం అమెరికాలో చాలా ఎక్కువ. థాయ్‌లాండ్ నుంచి అమెరికాకి చదువుకి వెళ్లిన ఒక విద్యార్థి, ఇంట్లోవాళ్ల చేత అక్కడి చవక ప్రతులు కొనిపించి తెప్పించుకుని అమెరికాలో అమ్మాడు. ప్రచురణకర్త కేసు వేశాడు. 2013లో అక్కడి సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో విద్యార్థి పక్షాన నిలబడింది. చట్టబద్ధంగా అచ్చైన పుస్తకం కొన్నావంటే అది నీది, అమ్ముకోవచ్చు అని. డౌన్‌లోడ్ చేసుకున్న గేముకి ఈ తీర్పు అక్కరకి రాదు. మనం కొంటున్నది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. కొనేటప్పుడు ఒప్పుకున్న షరతుల్లో ఆ ముక్క ఉంటుంది. అది చదివినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు, నాతో సహా.

మళ్లీ హాల్లోకి వద్దాం. నేలకీ బెంచీకీ మధ్య పిట్టగోడ ఉండేది. లైట్లు తియ్యగానే గోడ దూకేవాళ్లం. టార్చిలైటువాడు వచ్చి మొహం మీద వేసి, కాలరు పట్టుకుని మళ్లీ నేలకి పంపేవాడు. ఇంటర్నెట్‌లో ఆ పిట్టగోడ పేరు రీజియన్ లాక్, దూకడం పేరు వీపీఎన్, మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాధనం. తేడా ఒకటుంది. ఇక్కడ బాల్కనీవాళ్లే గోడ దూకి నేలకి వస్తున్నారు, టికెట్టు చవకని. టర్కీలోనూ అర్జెంటీనాలోనూ జరిగింది అదే. ఆ రెండు దేశాల డబ్బు విలువ పడిపోతూ ఉంటే, అక్కడి గేముల ధరలు డాలర్లలో చూస్తే చిల్లర పైసల్లా కనబడ్డాయి. ప్రపంచం నలుమూలల నుంచీ అక్కడ ఎకౌంట్లు పుట్టాయి. 2021లోనే స్టీమ్ వాళ్లు గోడ ఎత్తు పెంచారు: ఎకౌంట్ దేశం మూడు నెలలకి ఒకసారి మించి మార్చకూడదు, మార్చినా ఆ దేశపు కార్డుతోనే కట్టాలి. చివరికి 2023 నవంబరు 20న టర్కీ లీరా, అర్జెంటీనా పెసో రెండూ తీసేసి, ఆ దేశాలకి డాలర్లలో ధర పెట్టారు. మారకం రేటు నిలకడగా లేక ధర పెట్టలేకపోతున్నాం అన్నది కంపెనీ చెప్పిన కారణం. గోడ దూకినవాళ్ల మాట అందులో లేదు. కానీ నా మాట అడిగితే, వాళ్ల వాటా కూడా ఉంది. ఎంతోమంది దొంగదారిన వచ్చి కూర్చున్నాక నేల టికెట్టు నిలబెట్టడానికి ఏ హాలువాడికీ మనసొప్పదు. నష్టపోయింది ఎవరు? బ్యూనస్ ఎయిర్స్‌లోనో ఇస్తాంబుల్‌లోనో మీలాగే డిగ్రీ చదువుతున్న కుర్రాడు.

అలాగని గోడ కట్టినవాళ్లంతా ధర్మాత్ములని నేను అనను. పోలండ్, హంగరీ, రుమేనియా లాంటి దేశాల్లో చవకగా కొన్న గేమ్ కీలు, అంటే గేము తెరవడానికి కొట్టే కోడ్‌లు, పక్క దేశాల్లో పనిచెయ్యకుండా అడ్డుకున్నందుకు, 2021 జనవరిలో యూరోపియన్ కమిషన్ స్టీమ్ నడిపే వాల్వ్‌కీ, మరో అయిదు కంపెనీలకీ కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. యూరోపియన్ యూనియన్‌లో అన్ని దేశాలదీ ఒకే సంత. సంత మధ్యలో గోడలుండవని రాసుకున్న ఒప్పందం ఉంది.

ఇంతవరకు చెప్పింది గేము సంగతి. కన్సోల్ దగ్గరికొచ్చేసరికి కథ మొత్తం తిరగబడుతుంది. సోనీ వాళ్ల కన్సోల్ ప్లేస్టేషన్ 5 అమెరికాలో 2020 నవంబరులో 499.99 డాలర్లకి వచ్చింది. మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, డిస్కు పెట్టేది 49,990 రూపాయలు. డాలర్ల లెక్కన 36,500 దగ్గర ఉండాలి. వాళ్ల ధరలో అక్కడి అమ్మకపు పన్ను కలపరు, మన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అప్పట్లో కన్సోల్ మీద జీఎస్టీ 18 శాతం, పైన దిగుమతి సుంకం. గేములు మనకి నేల టికెట్టు, మెషీన్ మాత్రం బాల్కనీ కంటే ఎక్కువ. అందుకే కంచిలి, సోంపేట, కవిటి వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన వెల్డర్లూ రిగ్గర్లూ సెలవుకి వచ్చేటప్పుడు పెట్టెలో బట్టల మధ్య కన్సోల్ పెట్టుకొస్తారు. 2016 బ్యాగేజీ నిబంధనల్లో సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి 50,000 రూపాయలు ఉండేది. ఇలాంటివి మారుతూ ఉంటాయి, టికెట్టు తీసుకున్న రోజే ఒకసారి చూసుకోమని మీవాళ్లకి చెప్పండి. పార్సిల్లో బహుమతిగా పంపించుకుందాం అనుకుంటే, 5,000 లోపు బహుమతులకి ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది. రాఖీలకీ ప్రాణం కాపాడే మందులకీ మాత్రం మిగిలింది. గల్ఫ్‌లో కొన్నదానికి ఇక్కడ వారంటీ దొరకడం కష్టం. టీవీ తీగ పెట్టే చోటు విరిగిన కన్సోల్ పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నాకు మంచిదే, వాళ్లకే కాదు.

డిస్కులు తెప్పించుకుంటే? నా అనుభవం చెప్తాను. మా చిన్నాన్న కొడుకు డాలస్ నుంచి వస్తూ ఒక డిస్కు తెచ్చాడు. మా ఇంటి కన్సోల్లో లక్షణంగా ఆడింది. డబ్బాలో మడత పెట్టిన చిన్న కాగితం, దాని మీద 12 అక్షరాల కోడ్. అది కొడితే ఇంకో కథ, నాలుగు ఆయుధాలు అదనంగా వస్తాయట. కొట్టాను, చెల్లదంది. సున్నానా, ఓ అక్షరమా అని సోల్డరింగ్‌కి వాడే భూతద్దం పెట్టి చూశాను. కంట్రోలర్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అయిదుసార్లు కొట్టాను. పక్కన కూర్చున్న మా అబ్బాయి మాత్రం "నాన్నా, ఆ కోడ్ అమెరికా ఎకౌంట్‌ది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. డిస్కుకి గోడ లేదు, కాగితానికి ఉంది. డబ్బా వెనక సన్నక్షరాల్లో రాసే ఉంది. ఇరవయ్యేళ్లు ఇదే పనిలో ఉన్నవాణ్ణి, చదవలేదు.

డాలర్లలో నేరుగా కొనేవాళ్లు కార్డు సంగతి చూసుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2020లో పెట్టిన నియమం ప్రకారం కొత్త కార్డు మన దేశంలో మాత్రమే పనిచేసేలా వస్తుంది, విదేశీ కొనుగోళ్ల కోసం మీరే యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. డాలర్ రేటు మీద బ్యాంకు తన వాటా వేస్తుంది, ఆ వాటా మీద జీఎస్టీ. వంద రూపాయలు మిగిలిందనుకున్న చోట ఇరవయ్యే మిగలొచ్చు. పెద్దవాళ్లకి ఒక్క మాట: పిల్లాడు కార్డు అడిగితే తిట్టకండి, పక్కన కూర్చుని ఏ దేశం పేరు మీద కొంటున్నాడో చూడండి.

మొన్న డాలస్ వాడి కొడుకు ఫోన్ చేశాడు. "పెదనాన్నా, ఈ గేమ్ మీ దగ్గర సగం రేటే కదా. నువ్వు కొని నాకు గిఫ్ట్‌గా పంపించవా? డబ్బులు వేసేస్తాను" అన్నాడు. కుదరదు బాబూ, రెండు దేశాల ధరల్లో తేడా మరీ ఎక్కువుంటే గిఫ్ట్ వెళ్లకుండా 2017లోనే స్టీమ్ ఆపేసింది అన్నాను. కాసేపు ఆగి, "అయితే పలాస జీడిపప్పు పంపించు, గుండు పప్పే" అన్నాడు. వచ్చే వారం మన వీధిలోంచి ఒకావిడ అక్కడికి వెళ్తోంది. రెండు కిలోలు ఇచ్చి పంపుతున్నాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసల నుంచి మొదలుపెడదాం.